పదిహేడో నది విజయగాథ

నేను ఆగిపోయానని ఒక ఆదివారం ఉదయం పదిన్నరకు నాకు అధికారికంగా తెలిసింది. అంతవరకు నేను కూర్చుని ఉన్నాననే అనుకుంటున్నాను. ఈ సంగతి కనిపెట్టినవాడు మా బావమరిది. ఐదేళ్లలో ఏడు ఉద్యోగాలు మారినవాడు కనుక, కదలిక గురించి మాట్లాడే అర్హత మా కుటుంబంలో అతనొక్కడికే ఉంది. ఆ ఉదయం అతను సోఫాలో నా పక్కన చేరి, డాక్టరు నాలుక చూసినట్టు నా మొహం చూసి, తల అడ్డంగా ఊపాడు.

"బావా, నువ్వు పూర్తిగా స్టక్ అయిపోయావ్."

ఒళ్లంతా తడిమి చూసుకున్నాను. "నాకేం నొప్పిగా లేదే?" అన్నాను.

"అదే దీని లక్షణం. నొప్పి తెలీదు."

మా ఆవిడ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఎవరు ఆగిపోయారని అడిగింది. నేనేనని చెప్పాను. ఎవరన్నారంది. మీ తమ్ముడన్నాను. "వాడి మాటకేం గానీ, ముందు మెట్ల దగ్గర బల్బు మార్చండి. వారం నుంచి చెబుతున్నా" అని మళ్లీ లోపలికి వెళ్లిపోయింది. మనిషి జీవితం మలుపు తిరగబోతున్నప్పుడు ఇంట్లోవాళ్లు ఇలాగే మాట్లాడతారని, పట్టించుకోకూడదని మా బావమరిది నాకు ధైర్యం చెప్పాడు. నిజం చెప్పొద్దూ, నాకు లోలోపల కాస్త సంతోషంగానే ఉంది. నా గురించి ఒక మనిషి పావుగంటసేపు ఆలోచించి చాలా ఏళ్లయింది.

ఇక్కడ నా ఉద్యోగం గురించి రెండు మాటలు చెప్పాలి. మందులు కొన్నప్పుడు పెట్టెలో ఎనిమిది మడతలతో ఒక పల్చటి కాగితం ఉంటుంది. మాత్రలకన్నా ముందు చేతికి తగిలేది అదే, చెత్తబుట్టలోకి ముందు వెళ్లేదీ అదే. ఆ కాగితాలు ముద్రించే సంస్థలో, అచ్చుకు వెళ్లేలోగా తప్పులు చూసే విభాగంలో నేను పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. అచ్చయ్యాక వాటిని ఎవరూ చదవరు కనుక, ఆ సాహిత్యానికి లోకం మొత్తం మీద పాఠకులం ఇద్దరమే. ఒకణ్ణి నేను. రెండోవారు భూతద్దం బాబాయి గారు.

మా పని పద్ధతి ఇదీ. ఒకరు మూలప్రతిని పైకి చదవాలి, కామాలు, ఫుల్‌స్టాపులతో సహా. రెండోవారు అచ్చుప్రతి మీద వేలు పెట్టుకుని సరిచూడాలి. గొంతు నాది, వేలు బాబాయి గారిది. "రోజుకు రెండుసార్లు కామా భోజనం తరువాత కామా వైద్యుని సలహాపై మాత్రమే ఫుల్‌స్టాప్" అని పొద్దస్తమానం చదివిన నోటితో ఇంటికి వెళ్లి, "కాస్త మంచినీళ్లివ్వు ఫుల్‌స్టాప్" అన్న రోజులు కూడా ఉన్నాయి. మా ఆవిడ ఇచ్చేది. ఇచ్చేటప్పుడు గ్లాసు బల్ల మీద కాస్త గట్టిగా పెట్టేది.

బాబాయి గారికి అరవై దాటాయి. పిడి విరిగితే దారం చుట్టుకున్న భూతద్దం ఒకటి ఎప్పుడూ ఆయన చేతిలో ఉంటుంది. ఏ కాగితమైనా రెండుసార్లు చదవనిదే వదలరు. ఒకసారి పసిపిల్లల మందు కాగితంలో దశాంశ బిందువు పడిపోయి ఒకటిన్నర మిల్లీలీటర్లు కాస్తా పదిహేను మిల్లీలీటర్లయ్యాయి. మొదటి చదువులో నేను దాన్ని దాటేశాను, రెండో చదువులో ఆయన వేలు ఆగింది. వెంటనే కిందికి పరిగెత్తి యంత్రం ఆపించారు. ఆ సేవకు గుర్తింపుగా, యంత్రాన్ని రెండు గంటలపాటు అకారణంగా నిలిపివేసినందుకు సంజాయిషీ ఇవ్వవలసిందిగా ఆయనకు ఒక తాఖీదు అందింది. దాన్ని కూడా ఆయన రెండుసార్లు చదివారు.

మా పై అధికారిణి మాకు నాలుగడుగుల దూరంలో, గాజు గదిలో ఉంటారు. చాలా పద్ధతైన మనిషి. కొత్తగా చేరినప్పుడు బాబాయి గారి పక్కన కూర్చుని ఆరు నెలలు పని నేర్చుకున్నారు. ఇప్పటికీ ఆయన్ని "సార్" అనే పిలుస్తారు. ఆవిడ రాసే ప్రతి కాగితం చివరా "గమనించగలరు" అని ఉంటుంది. తలుపు వేయవలెను, గమనించగలరు. గొడుగులు బయట పెట్టవలెను, గమనించగలరు. గాజు గదికీ మాకూ మధ్య ఒక ఖాళీ బల్ల ఉండేది. సహాయ పర్యవేక్షకుడి బల్ల. నాలుగేళ్లుగా ఆ పదవిలో ఎవరూ లేరు. దాని మీద కప్పిన గుడ్డ నేను రోజూ దులిపేవాణ్ణి. నాకా పదవి కావాలని అడగడానికి మాత్రం నాలుగేళ్లూ నోరు రాలేదు. మా బావమరిది పరిభాషలో నేను ఆగిపోయింది సరిగ్గా అక్కడే.

అలా నేను "కదలిక" కేంద్రంలో చేరాను. అది ఒక చెప్పుల దుకాణం పై అంతస్తులో ఉంది. శిక్షణ ఇచ్చే కోచ్ గారు అంతకుముందు నీళ్ల ఫిల్టర్లు అమ్మేవారు, కనుక ప్రవాహం గురించి ఆయనకు క్షేత్రస్థాయి అనుభవం ఉంది. మొదటి రోజు ఒక ఫారం ఇచ్చారు. "మీరు ఎంత శాతం ఆగిపోయారు?" అన్నది మొదటి ప్రశ్న. వినయంగా అరవై అని రాశాను. పక్కనున్న పళ్ల డాక్టరు తొంభై అని రాయడం ఓరకంట చూసి, సిగ్గుపడి, కొట్టేసి ఎనభై ఐదు చేశాను. ప్రతి అరగంటకూ అందరం లేచి కుర్చీలు మారాలి, శరీరానికి కదలిక అలవాటు కావాలట. మూడో మార్పులో బేకరీ నడిపే ఒకావిడ చేతిసంచి పోయింది. పాతది పోతే తప్ప కొత్తది రాదని కోచ్ గారు ఆవిడను అభినందించారు.

ఆ తరువాత ప్రకృతిలో మీరు ఏమవ్వాలనుకుంటున్నారని అడిగారు. హాల్లో ఉన్న నలభై ఒక్కమందిమీ నది అనే చెప్పాం. అందుకని నంబర్లు ఇచ్చారు. నేను పదిహేడో నదిని.

"మీరు నదులు!" అన్నారు కోచ్ గారు, మైకు అవసరం లేని గొంతుతో. "నది ఎందుకు ఆగుతుంది? దారిలో ఒక రాయి ఉంటుంది కాబట్టి! మీ జీవితంలో కూడా ఒక రాయి ఉంది. నది ఆ రాయిని బతిమాలుతుందా? అనుమతి అడుగుతుందా? తోసేస్తుంది! ఏం చేస్తుంది?"

"తోసేస్తుంది!" అన్నాం నలభై మందిమి.

నలభై ఒకటో ఆయన, కాలవల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరైన పెద్దమనిషి, లేచి నిలబడ్డారు. "నది రాయిని తోయదండీ. పక్కనుంచి పోతుంది" అన్నారు. హాలంతా ఆయన్ని జాలిగా చూసింది. ఇంత చదువుకుని ఇంతగా ఆగిపోయిన మనిషిని అంతకుముందు మేమెవరం చూడలేదు. ఆయన్ని మర్యాదగా మెట్ల దాకా దిగబెట్టి వచ్చారు.

అప్పుడు నియమాలు చెప్పారు. ప్రతి నదికీ సాయంత్రం తరగతిలోని ఇంకో నది జంట. ఎవరికి ఎవరు జంటో చెప్పరు. గొంతులో సాకులుంటాయి కనుక ఫోన్లో మాట్లాడకూడదు, సందేశాలు రాసుకోవాలి. నదికీ నదికీ మధ్య మర్యాదలుండవు కనుక "నువ్వు" అనే రాయాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది. మీ రాయి ఏమిటో పేరు చెప్పకూడదు. "పేరు పెట్టారంటే మచ్చికవుతుంది. వివరాలు చెప్పారంటే జాలి పుడుతుంది. రాయంటే రాయే!" అన్నారు. ఎంత గొప్ప మాట అనుకుని పుస్తకంలో రాసుకుని, కింద గీత కూడా గీశాను.

నా జంట ఇరవై మూడో నది. ఆ నది నాకు రోజూ ఉదయం రాసేది. "నీ రాయిని ఈ రోజైనా తోస్తావా? ఆలస్యం మంచిది కాదు, గమనించగలరు." ఈపాటికి మీకు అర్థమైపోయి ఉంటుంది. మీరు తెలివైనవాళ్లు, మీకు ఏ శిక్షణా అక్కర్లేదు. నేను మాత్రం పదకొండేళ్లుగా ఇతరుల తప్పులు పట్టి జీతం తీసుకుంటున్నవాణ్ణి. రెండు నెలలపాటు నాకు ఏ అనుమానమూ రాలేదు. ఇంత చక్కగా రాసే మనిషి ఎవరో పెద్ద చదువులు చదివినవాడై ఉంటాడనుకున్నాను. సందేశాల్లో నేను పొల్లుపోకుండా పెట్టే కామాల వల్ల ఆవిడకు నా మీద అనుమానం రాలేదా అంటే, నేను రాసినవాటిని ఆఫీసులో ఆవిడ చదివిన దాఖలా ఏదీ లేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే పై నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. తప్పులు చూసే విభాగంలో ఇకమీదట ఒక్కరు చదివితే సరిపోతుందని, రెండోవారిని నెలాఖరులోగా తొలగించవలెనని, ఎవరిని తొలగించాలో అధికారిణి నిర్ణయించాలని అందులో ఉంది. ఆ ఉత్తర్వు నోటీసు బోర్డు మీదకు వెళ్లకముందు, నిబంధన ప్రకారం తప్పులు చూడడానికి మా బల్ల మీదకే వచ్చింది. నేను పైకి చదివాను. బాబాయి గారు వేలు పెట్టి సరిచూశారు. రెండో చదువులో రెండు తప్పులు పట్టి, ఎర్ర సిరాతో దిద్ది, "ఇప్పుడు బాగుంది" అని సంతకం చేశారు.

"బాబాయ్ గారూ, మనిద్దర్లో ఒకరు పోతారట" అన్నాను.

"చదివాంగా అబ్బాయ్" అన్నారాయన. "అమ్మాయి ఏదో ఒకటి ఆలోచిస్తుందిలే. తర్వాతి కాగితం తియ్యి."

ఆయనకు ఇంకా రెండేళ్ల సర్వీసుంది. ఇంట్లో కూతురు, కూతురి కూతురు ఆయన మీదే ఆధారపడి ఉన్నారు. ఆ మాట ఆయన ఎప్పుడూ అనరు. మధ్యాహ్నం డబ్బా తెరిచినప్పుడు మనవరాలు మూత లోపల అంటించిన బొమ్మల కాగితాలు చూసి నాకు తెలిసిన సంగతి అది. నాకు వాళ్లంటే అభిమానమే. కానీ నేనప్పుడు నదిగా ఉన్నాను, నాకు అంత తీరిక లేదు.

ఆ వారమే ఇరవై మూడో నది సుడి తిరగడం మొదలుపెట్టింది. "నా రాయిని తోయాలంటే చెయ్యి రావడం లేదు" అని రాసింది. నేను వెంటనే, "రాయి మీద జాలేమిటి? తొయ్యి!" అని రాశాను. "ఆ రాయి ఎంతోకాలంగా అక్కడే ఉంది" అని వచ్చింది. "అందుకే తొయ్యమంటున్నాను. ఎక్కువకాలం ఉండడమే రాయి చేసిన నేరం" అని రాశాను. ఈ వాక్యం కోచ్ గారికి ఎంతో నచ్చి, తరువాతి ఆదివారం బోర్డు మీద రాయించారు. నా మాట ఒక బోర్డు మీద కనిపించడం నా జీవితంలో అదే మొదటిసారి. మా ఆవిణ్ణి తీసుకెళ్లి చూపించాను. ఆవిడ చదివి, "రాయి నేరమేం చేస్తుందండీ?" అంది. ఆవిడకు ఇటువంటివి ఎక్కవు.

అటువైపు నుంచి వచ్చే ప్రోత్సాహం కూడా తక్కువేం కాదు. "నీకు కావలసింది ధైర్యంగా అడుగు. అడిగినవాణ్ణి ఎవరూ కాదనరు, గమనించగలరు" అని వారం రోజులు వరసగా రాస్తే, ఎనిమిదో రోజున నేను గాజు గది తలుపు తట్టాను. ఆ ఖాళీ బల్ల నాకు ఇప్పించమని అడిగాను. మేడం కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, "చూద్దాం" అన్నారు. మర్నాడు ఉదయం ఇరవై మూడో నది రాసింది. "నిన్న ఒకాయన సమయం సందర్భం లేకుండా వచ్చి ఏదో అడిగాడు. ఎంత చిరాకేసిందో చెప్పలేను. నువ్వు మాత్రం వెనకాడకు. ధైర్యంగా అడుగు." అయ్యో పాపం, ఎవడో తెలివితక్కువవాడు ఈ మహానుభావుణ్ణి విసిగించాడని నొచ్చుకుని, అలాంటివాణ్ణి దగ్గరకు రానివ్వకూడదని సలహా ఇచ్చాను.

ఆ సందేశం పంపిన మరుక్షణం గాజు గదిలో మేడం ఫోను పిచ్చుకలా కిచకిచమంది.

అది యాదృచ్ఛికం అనుకున్నాను. మా వృత్తిలో ఏదీ ఒక్కసారికే నమ్మం కనుక ఇంకోటి పంపాను. పిచ్చుక మళ్లీ అరిచింది. మేడం ఫోను చూసి తల ఊపారు. మూడోసారి ఉత్త కామా ఒక్కటి పంపాను. పిచ్చుక అరిచింది, మేడం కనుబొమలు ముడిపడ్డాయి. సాయంత్రం తరగతి నదులన్నిటిలో నాకు దొరికిన నది నాలుగడుగుల దూరంలో ఉంది. ఆవిడ తోయలేకపోతున్న రాయి ఈ బల్ల దగ్గరే ఉంది. బల్ల దగ్గర ఉన్నది ఇద్దరం. "తొయ్యి, తొయ్యి" అని పది రోజులుగా రోజుకు మూడు పూటలా ఆవిణ్ణి ఎగదోస్తున్నది నేను.

రాయి నేనేనని నాకు ఎందుకో గట్టిగా అనిపించింది. మనల్ని మనం తోసేసుకోవడానికి కూడా ఇంతగా కష్టపడే జాతి నా జాతి. ఆ రోజు నుంచి నా ప్రవర్తనలో వచ్చిన మార్పు సంస్థ చరిత్రలో ఎవరిలోనూ వచ్చి ఉండదు. మేడం కన్నా ముందు వచ్చి గాజు తలుపు తుడిచాను. గొడుగు బయట పెట్టాను, గొడుగు లేని రోజున కూడా తెచ్చి పెట్టాను. సందేశాల్లో నా వేదాంతం మారిపోయింది. "రాయికీ కుటుంబం ఉంటుంది" అని రాశాను. "కొన్ని రాళ్లు ఆలస్యంగా మెరుస్తాయి" అని రాశాను. "రెండు రాళ్లుంటే ముందుగా పాత రాయిని పరిశీలించడం శ్రేయస్కరం" అని కూడా రాశాను. ఈ ఆఖరి వాక్యం రాసినప్పుడు నా ఎదుట బాబాయి గారు వేలు కింద వరస పెట్టుకుని, నేను తరువాతి మాట చదవడం కోసం ఓపిగ్గా ఎదురుచూస్తున్నారు.

కోచ్ గారి దగ్గర నుంచి నాకు ఫోను వచ్చింది. "పదిహేడూ, నువ్వు రాయి పక్షాన మాట్లాడుతున్నావని నీ జంట బాధపడుతోంది. ప్రవాహం తగ్గిందా?" అన్నారు. తగ్గలేదని, మలుపులో ఉన్నానని చెప్పుకున్నాను.

నాలుగు రోజులు నాకు అన్నం సయించలేదు. ఐదో రోజు ఇరవై మూడో నది నియమం తప్పింది. "ఇవాళ ఆ రాయిని చూస్తుంటే ఏడుపొచ్చింది. నాకు పని నేర్పింది ఆ రాయే. గమనించగలరు."

ఆ సందేశం చదివి నేను ఏం చేశానో దాచకుండా చెబుతాను. సంతోషించాను. బాబాయి గారి ఎదుట కూర్చుని, ఆయన రాయి అయినందుకు, నేను కానందుకు, లాటరీ తగిలినవాడిలా సంతోషించాను. సాయంత్రం దారిలో కేకు కొనుక్కుని ఇంటికి వెళ్లాను. ఏమిటి విశేషమని మా ఆవిడ అడిగింది. ఉద్యోగం నిలబడిందన్నాను. జరిగినదంతా చెప్పాను. ఆవిడ కేకు కోయడం ఆపి విన్నది.

"మరి ఆయనకి చెప్పారా?"

"రాయికి చెప్పకూడదు. నియమం."

"పోనీ ఆవిడకైనా వద్దని రాయొచ్చుగా? మీ మాట వింటోందిగా?"

"వద్దంటే నన్ను తీసేస్తారు."

"తీసేస్తారో లేదో, అడిగి చూశారా? ఇద్దరూ కలిసి వెళ్లి పైవాళ్లతో మాట్లాడొచ్చు. ఆ పసిపిల్లల మందు సంగతి చెప్పొచ్చు" అంది. నేను కేకు ముక్క కోసం చెయ్యి చాపాను. ఆవిడ కేకు డబ్బా మూత పెట్టేసింది. ఆగిపోయినవాళ్లు కదిలేవాళ్లను ఇలాగే వెనక్కి లాగుతారని కోచ్ గారు ముందే చెప్పి ఉండడం వల్ల నేను తట్టుకోగలిగాను.

మర్నాడు పదకొండున్నరకు, పైత్యానికి వాడే ఒక మందు కాగితం చదువుతుండగా సందేశం వచ్చింది. "రేపే ఆఖరి రోజు. నా వల్ల కావడం లేదు. నువ్వు వద్దంటే మానేస్తాను. పైవాళ్లతో పోట్లాడి ఇద్దర్నీ ఉంచమంటాను. ఒక్క మాట రాయి."

గాజులోంచి చూశాను. మేడం రెండు చేతుల్లో ఫోను పట్టుకుని, దాన్నే చూస్తూ కూర్చున్నారు. నా కోసం, అంటే నేనని తెలియని నా కోసం. ఆ క్షణాన ఒక మనిషి బతుకుతెరువు నా బొటనవేలి కింద ఉంది. "వద్దు" అని కొట్టాను. రెండే అక్షరాలు. బాబాయి గారు నేర్పిన ప్రకారం రెండుసార్లు చదివాను, తప్పుల్లేవు. పంపడమే తరువాయి. మళ్లీ తలెత్తితే ఖాళీ బల్ల కనిపించింది. ఇద్దర్నీ ఉంచడానికి ఆవిడ పోట్లాడి ఓడిపోతే? ఆ చిరాకులో ఇద్దర్నీ తీసేస్తే? అన్నీ సవ్యంగా జరిగినా, నేను రాయినీ కాక, పర్యవేక్షకుణ్ణీ కాక, ఈ పైత్యం కాగితం దగ్గరే ఉండిపోతే?

"ఆగిపోయావేం అబ్బాయ్? చదువు" అన్నారు బాబాయి గారు. ఆయన వేలు ఇంకా ఆ వరస కిందే ఉంది.

"వద్దు" చెరిపేశాను. కోచ్ గారు ఇటువంటి సందర్భాల కోసం మాకు ఒక వాక్యం నేర్పారు. దాంతో ఎవరికీ ఏ సలహా ఇచ్చినట్టూ కాదు, ఏ బాధ్యతా మన మీద ఉండదు, విన్నవాళ్లు మాత్రం మనల్ని లోతైన మనిషనుకుంటారు. ఆ వాక్యమే రాశాను. "నీ మనసేమంటోంది?"

చాలాసేపటికి జవాబొచ్చింది. "తొయ్యమంటోంది. ధన్యవాదాలు." ఆ ఒక్కసారి ఆవిడ గమనించగలరు అని రాయలేదు.

బాబాయి గారి వీడ్కోలు సభ ఘనంగా జరిగింది. పై అంతస్తు నుంచి వచ్చిన పెద్దాయన మాట్లాడుతూ, "మా సంస్థ వీరిని పంపించడం లేదు. విముక్తుల్ని చేస్తోంది. రెండేళ్ల తరువాత రావలసిన విశ్రాంతిని మేము రెండేళ్లు ముందుగానే అందజేస్తున్నాం. ఇంత ఉదారంగా ఏ సంస్థా ప్రవర్తించదు" అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. ఇంట్లో కూర్చుంటే ఆగిపోయినట్టు అనిపించే ప్రమాదం ఉందని, కానుకగా "కదలిక" కేంద్రంలో తరువాతి తరగతికి ఆయన పేరు నమోదు చేయించారు. ఆ ఆలోచన మేడంది. ఆవిడ కళ్లు ఎర్రగా ఉన్నాయి. బాబాయి గారు ఆ కవరు రెండు చేతులా అందుకుని, "నాకోసం ఇంత శ్రమ ఎందుకమ్మా" అన్నారు.

ఖాళీ బల్ల నాకొచ్చింది. సహాయ పర్యవేక్షకుడిగా ఇప్పుడు తప్పులు చూసే విభాగంలోని సిబ్బంది అందరినీ పర్యవేక్షిస్తున్నాను. సిబ్బంది అంటే నేనే. నేనే చదువుతాను, నేనే వేలు పెట్టుకుంటాను, బాగుందని నేనే సంతకం చేస్తాను. పని రెట్టింపు వేగంతో సాగుతోందని నివేదిక పంపాను. పోయిన నెల ఒక దగ్గు మందు కాగితంలో ఏదో అంకె తేడాగా ఉందని ఎవరో రాశారు. విచారణకు ఆదేశించారు. విచారణాధికారిని కూడా నేనే కనుక, కంగారు పడవలసిందేమీ లేదు.

ఆ తరువాత "కదలిక" కేంద్రం విజయ సభ. హాలు నిండిపోయింది. మొదటి వరసలో కొత్త తరగతివాళ్లు. వాళ్లలో చివరి కుర్చీలో, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఒళ్లో నోటుపుస్తకం పెట్టుకుని భూతద్దం బాబాయి గారు. నన్ను వేదిక మీదకు పిలిచారు. "నా దారిలో ఒక రాయి ఉండేది. పదకొండేళ్లు దాని ముందు ఆగిపోయాను. ఇవాళ నేను ప్రవహిస్తున్నాను!" అన్నాను. చప్పట్లతో పైకప్పు అదిరింది. ఇరవై మూడో నదిని కూడా పిలిచి, జంట ఎవరో బయటపెట్టారు. మేడం నన్ను చూసి, "మీరా?" అన్నారు. నాకు అందించిన చెయ్యి వెంటనే వెనక్కి తీసుకుని, మొదటి వరసకేసి ఒకసారి చూసి, వేదిక దిగి, మెట్ల మీదుగా వెళ్లిపోయారు. ఆవిడ ప్రవాహం అంత వేగంగా ఉందని కోచ్ గారు సభకు వివరించారు.

సభ అయ్యాక ఎందరో వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపారు. ఎంత దూరం ప్రవహించానని అడిగారు, ఎన్నాళ్లు పట్టిందని అడిగారు. నూట పాతిక మందిలో ఆ రాయి ఏమిటని ఒక్కరూ అడగలేదు. ఆఖరికి బాబాయి గారు వచ్చారు.

"బాగా మాట్లాడావ్ అబ్బాయ్. నీకు ఆ బల్ల వచ్చిందట, చాలా సంతోషం. ఇంతకీ పదకొండేళ్లు నీకు అడ్డుపడ్డ ఆ రాయి ఏమిటి? పక్కనే కూర్చుని కూడా నాకు తెలీలేదే. ఒక్క మాట చెప్పుంటే నేనూ ఓ చెయ్యి వేసేవాణ్ణిగా?"

నాకు చెప్పలేనంత సిగ్గేసింది. చెబుదామని నోరు తెరిచాను కూడా. ఇంతలో కోచ్ గారు విజేతలందరినీ ఫొటోకి పిలిచారు. నా చుట్టూ అందరూ చేరారు. బాబాయి గారు నా జవాబు కోసం అక్కడే నిలబడి ఉన్నారు.

"ఆ అడ్డంగా ఉన్న పెద్దాయన్ని ఎవరైనా కాస్త పక్కకి జరపండి సార్" అన్నాడు ఫొటోగ్రాఫరు.

దగ్గరగా ఉన్నది నేనే. భుజం పట్టుకుని మెత్తగా జరిపాను. ఆయన కూడా, "అయ్యో, చూసుకోలేదు నాయనా" అంటూ తప్పుకున్నారు.

ఫొటో చాలా బాగా వచ్చింది. పెద్దది చేయించి కేంద్రం గుమ్మం పక్కన తగిలించారు. నేను మధ్యలో నవ్వుతూ ఉంటాను. ఎడమ అంచున దారం చుట్టిన భూతద్దం పిడితో ఒక చెయ్యి మాత్రం పడింది. మీరు చేరడానికి వచ్చినప్పుడు చూడవచ్చు. ఇప్పటివరకు చేరిన మూడువందల మందిలో, అది ఎవరి చెయ్యని అడిగినవాళ్లు ఎవరూ లేరు.